335-ఇ బస్సు మార్గము: నడిమి ఊళ్ళ మాట

మన పత్రికలో బడులను గూర్చియు, గ్రంథాలయములను గూర్చియు, ఉగాది ఉత్సవములను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ వారము ఒక బస్సు మార్గమును గూర్చి వ్రాయ దలచితిమి. ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. కాని నగరమున కాపురమున్న వారికి ఇంటిని, అంగడిని, ఆసుపత్రిని, బడిని కలుపు దారి చిన్న విషయము కాదు. బియ్యము ధర పెరిగిన నాడు అందరును మాటాడుదురు. దారి తరిగిన నాడు మాత్రము, ఆ దారిన పోవువారు తప్ప మరియొకరు పలుకరు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

కెంపేగౌడ బస్సు నిలయము నుండి కాడుగోడికి పోవు 335-ఇ సంఖ్య గల బస్సును ఎరుగని తెలుగు కుటుంబము తూర్పు బెంగుళూరులో అరుదు. మెజెస్టిక్కున బయలుదేరి, కార్పొరేషన్ మీదుగా దొమ్లూరు చేరి, మురుగేశపాళ్యము, హెచ్.ఎ.ఎల్., మారతహళ్ళి, కుందలహళ్ళి గేటు, ఐ.టి.పి.ఎల్., హోప్‌ఫారము దాటి కాడుగోడిలో నిలుచు మార్గమిది. నగరమున మూడువందల వరుస సంఖ్యలలో పెక్కు తూర్పు, ఆగ్నేయ దిక్కులకును, అయిదువందల వరుసవి వలయ రహదారులకును చెందినవి. వెనుకనుండు అక్షరము ఒకే మూలసంఖ్యలోని శాఖను తెలుపును. వంశవృక్షమున ఒకే ఇంటిపేరుతో పలు శాఖలున్నట్లే ఇదియు. మెట్రో రైలు వైట్‌ఫీల్డు వరకు వచ్చినది మొదలు, ఇక ఈ దూరపు బస్సు ఎందులకు, దీనిని ముక్కలుగా విరిచి మెట్రో స్టేషన్లకు చేర్చు చిన్న బండ్లుగా నడుపరాదా అను మాట అంగళ్ళలోను, ఉత్తరములలోను వినవచ్చుచున్నది. ఆ మాట సరికాదని మా అభిప్రాయము. కారణము చెప్పుటకు ముందు, ఈ దారి ఎట్లేర్పడినదో చూడవలసి యున్నది.

బస్సు బయలుదేరు చోటు ఒకప్పుడు చెరువు. ధర్మాంబుధి యను ఆ చెరువు ఎండి, సుభాష్‌నగరము మైదానమై, పిమ్మట బస్సు నిలయమైనది. ఆ నిలయమునకు పేరిచ్చిన కెంపేగౌడ ప్రభువు 1537లో ఈ నగరమునకు పునాది వైచెను. ఆయన తెలుగున గంగాగౌరీవిలాసమను యక్షగానము రచించెనని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. కన్నడ దేశపు ప్రభువు తెలుగున రచన చేయుట నాటివారికి వింత కాలేదు. మన భాష ఈ ఊరికి నిన్న మొన్న వచ్చిన చుట్టము కాదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

బస్సు నిలుచు కొస చరిత్ర వేరు. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు గారు ఆంగ్లో ఇండియను సంఘము వారికి సుమారు 3,900 ఎకరముల భూమి నొసగగా, ఆ సంఘ నాయకుడైన వైటు దొర పేర వైట్‌ఫీల్డు వెలసినది. పండ్లతోటలు, పెంకుటిండ్లు, ఒక రైలు స్టేషను, ఇంతియే చాలకాలము దాని స్వరూపము. ఈ రెండు కొసలకు నడుమ 1809లో ఏర్పడిన దండు ప్రదేశము. పేట మైసూరు సంస్థానమునకును, దండు ఇంగ్లీషు దొరల పాలనకును చెందియుండెను. దొమ్లూరు, కోడిహళ్ళి, మారతహళ్ళి, కుందలహళ్ళి అనునవి రాగిచేలు, చెరువులు గల పల్లెలు. దొమ్లూరి చొక్కనాథస్వామి ఆలయమున అరవ శాసనములు నేటికిని గలవు. పేటలో తెలుగు వర్తకులు, దండులో అరవలు, ఉర్దూ మాటాడువారు, పల్లెలలో కన్నడ రైతులు, తెలుగు రైతులు, ఇట్లు పలు భాషలవారు చిరకాలముగా ఈ దారి వెంబడి బ్రతికిరి.

బస్సులు రాకముందు ఈ నగరమున జట్కాయే ప్రధాన వాహనము. మదరాసున 1953 వరకు ట్రాములు నడచినవి. బెంగుళూరున ట్రాము లేనే లేదు. కావున ఇక్కడి సామాన్యునికి నగర వాహనమనగా మొదటినుండియు బస్సే. 1940లో బెంగుళూరు ట్రాన్స్‌పోర్టు కంపెనీ యను ప్రైవేటు సంస్థ నగర బస్సులు నడుపుటకు ఏర్పడినది. అదే సంవత్సరము డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వ సహకారముతో విమాన కర్మాగారమును స్థాపించిరి. నేడు హెచ్.ఎ.ఎల్. అని మనము పిలుచునది అదియే. బస్సు కంపెనీయు, విమాన కంపెనీయు ఒకే యేట పుట్టుట కాకతాళీయమే కావచ్చును. అయినను ఈ మార్గపు చరిత్ర అంతయు ఆ రెంటి పొత్తులోనే యున్నది. విమానములు చేయువాడు విమానములో పనికి పోడు. అతనికి బస్సే కావలెను. పొలములలో నెలకొన్న కర్మాగారము దారిని తూర్పునకు లాగినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949లో పేటయు దండును ఒకే కార్పొరేషను క్రిందికి వచ్చినవి. అంతవరకు రెండు పాలనల క్రింద నున్న ఊరు ఒకటైనది. కాగితము మీద ఒకటైన ఊరిని నేల మీద ఒకటి చేసినది మాత్రము బస్సులేయని మేము తలచుచున్నాము. చిక్కపేట వర్తకుడు అలసూరునకును, అలసూరు విద్యార్థి బసవనగుడికిని దినదినము పోయి వచ్చుట కలిగినప్పుడే కదా అది ఒక నగరమైనది.

1956 మన సంఘమువంటి సంఘములకు మరువరాని సంవత్సరము. అక్టోబరు 1న మైసూరు ప్రభుత్వము వారు బస్సు కంపెనీని స్వాధీనము చేసికొని బెంగుళూరు ట్రాన్స్‌పోర్టు సర్వీసుగా మార్చిరి. సరిగా నెల దినములకు, నవంబరు 1న, భాషా ప్రాతిపదికపై రాష్ట్రములు పునర్వ్యవస్థీకృతమైనవి. ఆంధ్రప్రదేశమును, విశాల మైసూరును అదే దినమున ఏర్పడినవి. తాతల నాటినుండి ఇక్కడనే యున్న తెలుగువారు ఆ దినమున ఇల్లు కదలకుండగనే భాషాల్పసంఖ్యాకులైరి. ఆ సంవత్సరమే రాజ్యాంగ సప్తమ సవరణ ద్వారా మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చిన 350-ఎ అధికరణమును, అల్పసంఖ్యాక భాషలకై ప్రత్యేకాధికారిని గూర్చిన 350-బి అధికరణమును చేరినవి. బడి విషయమున మన హక్కు కాగితముపై నిలిచినది. బస్సు విషయమున ఏ అధికరణమును అవసరము కాలేదు. టిక్కెట్టు కొన్నవాని మాతృభాష ఏదని కండక్టరు అడుగలేదు. సార్వజనిక వాహనమున అందరును సమానులే. ఈ సామాన్య సత్యమును మనము తరచుగా మరచుచున్నాము.

1961లో మైసూరు రాష్ట్ర రోడ్డు రవాణా కార్పొరేషను ఏర్పడి నగర బస్సులు దానిలో చేరినవి. 1973లో రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. కార్పొరేషను పేరును అట్లే మారినది. 1997లో నగర శాఖ విడివడి బెంగుళూరు మహానగర రవాణా సంస్థ, అనగా బి.ఎం.టి.సి., అయినది. పేర్లు మారినను పెద్దలు చాలకాలము బి.టి.ఎస్. అనియే పిలిచిరి. ఆ మూడక్షరములకు కన్నడమున జనులు కల్పించిన విస్తరణ మన ముదుసళ్ళకు నేటికిని జ్ఞాపకమే: "బిట్టరె తిరుగి సిగోదిల్ల". వదలినచో మరల దొరకదని దాని భావము. బస్సు తప్పినవాడు నవ్వుచు అన్న మాట అది.

ఇంతలో పల్లెలు పేటలైనవి. హెచ్.ఎ.ఎల్. చుట్టును విమానపురము వెలసినది. జాతీయ వైమానిక ప్రయోగశాల, ఇస్రో ఉపగ్రహ కేంద్రము ఈ దారినే నెలకొన్నవి. పెక్కు తెలుగు ఇండ్లలో తండ్రి ఈ దారిన కర్మాగారమునకు పోయి పింఛను పొందెను. కుమారుని ఇదే దారిలోని విమానాశ్రయమున అమెరికాకు సాగనంపెను. 2008 మేలో ప్రయాణికుల విమానములు దేవనహళ్ళికి తరలిపోయినవి. విమానాశ్రయము పోయినను పాత విమానాశ్రయపు దారి యను పేరు మిగిలినది, ఆ దారిన జనము మిగిలిరి, బస్సు మిగిలినది.

కాడుగోడి కొసన బృందావన ఆశ్రమము, అక్కడి తెలుగు ఉపన్యాసములు ఎందరినో రప్పించినవి. 1990 దశకపు చివర అంతర్జాతీయ సాంకేతిక పార్కు, అనగా ఐ.టి.పి.ఎల్., పని ప్రారంభించినది. గుంటూరు, కడప, వరంగల్లు, విజయనగరముల నుండి యువతీ యువకులు వచ్చి మారతహళ్ళిలో గదులు తీసికొనిరి. తెలుగు అక్షరముల మెస్సు బోర్డులు వీథి వీథిన వెలసినవి. 2001 జనవరిలో సత్యసాయి ఉన్నత వైద్యశాల వైట్‌ఫీల్డున ప్రారంభమైనది. రుసుము లేక గుండెకును మెదడుకును చికిత్స దొరకునని విని అనంతపురము, చిత్తూరు, కర్నూలు జిల్లాల రోగులు నాటినుండి నేటివరకు వచ్చుచునే యున్నారు. 2006 ప్రాంతమున నగరమున ప్రవేశించిన వోల్వో శీతల బస్సులు ఈ మార్గమునను నడచినవి. ఒకే సంఖ్య క్రింద ఎర్రని ఎండలో కిటికీ తెరచుకొను బస్సును, చల్లని అద్దాల బస్సును పోవుచుండగా, కూలివాడును కంప్యూటరు ఉద్యోగియు ఒకే దారివారైరి.

ఇక మెట్రో మాట. 2011లో ఎం.జి. రోడ్డు, బయ్యప్పనహళ్ళి నడుమ మొదలైన ఊదారంగు మార్గము 2023 మార్చిలో కృష్ణరాజపురము నుండి వైట్‌ఫీల్డు దాక నడచి, నడిమి తునక పూర్తియై అదే యేట అక్టోబరు 9 నుండి చల్లఘట్ట మొదలు కాడుగోడి వరకు 43 కిలోమీటర్లకు పైగా ఒకే బండి పోవుచున్నది. ఇది నగరమునకు మహోపకారము. మెజెస్టిక్కున ఎక్కినవాడు కాలు కదపకుండ కాడుగోడిలో దిగవచ్చును. వైద్యశాల పేరనే ఒక స్టేషనును గలదు. దీనిని కాదనువారము మేము కాము. వేగమున బస్సు మెట్రోకు సాటి రాదు.

అయితే పాఠకులు ఒక్కమారు రెండు దారులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మెట్రో అలసూరు, ఇందిరానగరము, బయ్యప్పనహళ్ళి, కృష్ణరాజపురము, హూడి మీదుగా పోవును. బస్సు దొమ్లూరు, మురుగేశపాళ్యము, హెచ్.ఎ.ఎల్., మారతహళ్ళి మీదుగా పోవును. రెండు కొసలు ఒకటే; నడుమ వేరు. వలయ రహదారి వెంట తలపెట్టిన మెట్రో మార్గము మారతహళ్ళిని తాకునదే అయినను, అది ఉత్తర దక్షిణములుగా సాగునది. పాత విమానాశ్రయపు దారి పొడవున పోవునది కాదు. కావున కొసలు చూచి మెట్రో వచ్చినది గనుక బస్సు వలదనుట, ఇంటికి ముందు తలుపు, వెనుక తలుపు ఉన్నవి గనుక నడిమి గదులు అక్కరలేదన్నట్లుండును. మార్గమునకు పేరు కొసలను బట్టి వచ్చును. మార్గపు ప్రయోజనము మాత్రము నడిమి ఊళ్ళవారిది. మెజెస్టిక్కు నుండి కాడుగోడి దాక పూర్తిగా పోవువారు కొందరే. దొమ్లూరున ఎక్కి మారతహళ్ళిలో దిగువారు, హెచ్.ఎ.ఎల్. వద్ద ఎక్కి ఐ.టి.పి.ఎల్.లో దిగువారు, కుందలహళ్ళిలో ఎక్కి పేటకు వచ్చువారు, వీరే ఈ బస్సును నింపువారు.

వర్తకులమగుటచే మాకు లెక్క మాటయే సులువుగా తోచును. అంగడిలో ఒక సరకు మీద లాభము తక్కువని దానిని తీసివేసిన వర్తకుడు, దానికొరకు వచ్చి మరి నాలుగు వస్తువులు కొనుచుండిన గిరాకీని గూడ పోగొట్టుకొనును. బస్సు మార్గపు జమా ఖర్చు ఒక్క బండి వసూలుతో తేలునది కాదు. ఆ బస్సున్నదని గది అద్దెకు తీసికొన్నవాడు, ఆ బస్సున్నదని కూతురిని దూరపు కళాశాలలో చేర్చినవాడు, ఆ బస్సున్నదని స్కూటరు కొనకుండ ఆగినవాడు, వీరందరి పద్దును ఆ ఖాతాలోనే వ్రాయవలెను.

ఎదుటివారి వాదమును విందము. మారతహళ్ళి వంతెన వద్ద బస్సు చిక్కుకొనునని, దూరపు మార్గమగుటచే ఒకచోటి ఆలస్యము దారి అంతయు ప్రాకునని, అరగంట సేపు ఒక్కటియు రాక పిమ్మట మూడు బస్సులు ఒకదాని వెంట నొకటి వచ్చునని వారందురు. ఇది నిజమే. మార్గమును రెండుగా విరచినచో వేళ తప్పకుండ నడపవచ్చునని వారి తలంపు. కాని విరచిన చోట ప్రయాణికుడు దిగి మరియొకటి ఎక్కవలెను. చేతిలో సంచియైన లేని యువకునికి అది అయిదు నిమిషముల పని. రాయదుర్గము నుండియో, మదనపల్లె నుండియో రాత్రి బస్సు దిగి, బంధువు ఇల్లున్న మురుగేశపాళ్యమునకు పోయి, అచటి నుండి ఎక్సురే కాగితముల సంచితో రోగిని నడిపించుకొని వైద్యశాలకు పోవు ముదుసలికి అది అయిదు నిమిషముల పని కాదు. బస్సు మారుట అందరికిని ఒకే భారము కాదని ప్రణాళికలు వ్రాయువారు గ్రహింపవలెను. చిక్కు వంతెన వద్ద నున్నచో మందు వంతెన వద్దనే వేయవలెను. బస్సులకు ప్రత్యేకమైన వరుస ఏర్పరుపవచ్చును. రద్దీ వేళల నడుమ మారతహళ్ళి నుండి అదనపు బండ్లు వేయవచ్చును. మూలమార్గమును మాత్రము త్రెంపరాదు.

ఖర్చు మాటయు గలదు. 2025 జనవరిలో బస్సు ఛార్జీలు నూటికి 15 వంతున పెరిగినవి. ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుండి 90కి పెరిగినది. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకము క్రింద సాధారణ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఉచితము. అయితే ఆ సౌకర్యము కర్ణాటక వాస్తవ్యులకే చెల్లును. చిరకాలముగా ఇక్కడ స్థిరపడిన మన ఇంటి ఆడవారు దానికి అర్హులు. ఇండ్లలో పాచిపనికి పోవు వారికి, బట్టల అంగళ్ళలో నిలుచు వారికి నెలకు మిగులు ఆ కొన్ని వందలు పిల్లల బడి రుసుమగును. మెట్రోలో ఆ వసతి లేదు. పొరుగు రాష్ట్రమునుండి వచ్చిన రోగి తల్లికి బస్సునందును ఉచితము లేదు గనుక, ఆమెకు తక్కువ ఖర్చు దారి మరింత అవసరము.

ఇందు మా స్వార్థమును దాచుట లేదు. చిక్కపేట, అవెన్యూ రోడ్డు వర్తకులకు మారతహళ్ళి తట్టు గిరాకీ ఈ బస్సు తెచ్చునదే. పెండ్లి బట్టలు కొనుటకు ఇంటిల్లిపాదియు దిగినప్పుడు ఆ బస్సు సంఖ్య మాకు లక్ష్మీప్రదమే. స్వార్థమున్నంత మాత్రమున వాదము తప్పు కాదు. దాచిన స్వార్థమే తప్పు.

ఇక మన కర్తవ్యము. మొదటిది, ఈ విషయమై సంబంధిత అధికారులకు మహజరు పంపవలెను. అది కన్నడమున వ్రాయవలెను. నడిమి ఊళ్ళ కన్నడ సోదరుల, అరవ సోదరుల, ఉర్దూ మాటాడు సోదరుల చేవ్రాళ్ళును అందుండవలెను. ఇది తెలుగువారి కోరిక యని ముద్ర పడినచో పలుచబడును. దారివారందరి కోరిక యైనచో బలపడును. బస్సుల మీద తెలుగు బోర్డులు కావలెనని కొందరు యువకులు అడుగుచున్నారు. మా సలహా వేరు. కన్నడ లిపియు తెలుగు లిపియు ఒకే తల్లి బిడ్డలు. తెలుగు చదువరికి వారము దినములలో కన్నడ బోర్డు చదువుట వచ్చును. క్రొత్తగా వచ్చిన పిల్లలకు ఆ వారము దినముల పాఠము చెప్పుట మన సంఘపు పని.

రెండవది, మెజెస్టిక్కున దిగు రోగులకు దారి చూపుటకు మన సంఘ సభ్యులు వంతులు వేసికొని ఉదయము పూట రెండేసి గంటలు నిలువవలెను. ఏ సంఖ్య ఎక్కవలెనో, ఎక్కడ దిగవలెనో, మెట్రో ఎవరికి మేలో, బస్సు ఎవరికి మేలో తెలుగున చెప్పువాడు ఒక్కడున్న చాలును. దీనికి ధనమక్కరలేదు, ఓపిక కావలెను.

మూడవది అన్నిటికన్న ముఖ్యము. మనము బస్సు ఎక్కవలెను. మన కుర్రవారు మోటారు సైకిలు, మన మధ్యవయస్కులు కారు తప్ప ఎరుగకున్నారు. ఖాళీ బస్సును చూపి మార్గమును ఎత్తివేయుట సులభము. మధ్యాహ్నపు వేళ, పనికి తొందర లేని దినమున, పేటకు వచ్చునప్పుడు మన ఇంటి పెద్దలు ఈ బస్సులో వచ్చినచో, ఆ టిక్కెట్టు చీటీయే మన మహజరునకు తోడు చేవ్రాలు.

వైట్‌ఫీల్డు స్థాపనకు 140 సంవత్సరములు దాటినవి. నగర బస్సులు మొదలై 80 సంవత్సరములు దాటినవి. ఈ కాలమున దండు పోయినది, జట్కా పోయినది, విమానములు తరలిపోయినవి. ఈ దారి యొక్కటి నిలిచి, ఎరుగని వారిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టుచున్నది. పూర్వము బి.టి.ఎస్. మీద జనులు వేసిన పరిహాసము ఒక బస్సును గూర్చినది. ఒకటి తప్పినచో మరియొకటి ఎప్పటికైనను వచ్చెడిది. మార్గమే పోయినచో ఆ పరిహాసము నిజమగును. కావున రానున్న ఆదివారము సాయంకాలము సంఘ మందిరమున జరుగు సమావేశమునకు సభ్యులెల్లరు విచ్చేసి, మహజరు ప్రతిని చూచి, తమ వీథివారి చేవ్రాళ్ళు సేకరించు భారమును వహింపగోరుచున్నాము. దొమ్లూరు, మురుగేశపాళ్యము, మారతహళ్ళి, కుందలహళ్ళి సోదర సోదరీమణులు తప్పక రావలెను. ఇది ముఖ్యముగా వారి మాట.